బండి కంటే ముందు కాగితం ఓడ ఎక్కాలి

(విశాఖపట్నంలో దూర ప్రయాణాల ఆసక్తిపరులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. పెద్దలకు నమస్కారం. ఆదివారం పూట ఇల్లు వదిలి ఇంతమంది వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. వెనుక వరుసల్లో ఉన్నవారికి వినపడకపోతే చెయ్యి ఎత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊరి రేవులో క్లియరింగ్ పని చేసి విరమించుకున్నవాణ్ని నేను. అన్నేళ్లూ ఇతరుల సరుకును ఓడ ఎక్కించాను, ఇతరుల సరుకును ఓడ దింపించాను. ఆ తరువాత నా సొంత జీపును పెట్టెలో, అంటే కంటైనర్‌లో, పెట్టి కెన్యాలోని మొంబాసాకు పంపించి, అక్కడి నుంచి నేనూ నా బావమరిదీ కలిసి టాంజానియా, జాంబియా, బోట్స్వానాల మీదుగా దక్షిణాఫ్రికాలోని డర్బన్ దాకా నడుపుకుంటూ వెళ్లాం. ఆ దారుల గురించి, అక్కడ చూసిన అడవుల గురించి చెప్పమని చాలామంది అడిగారు. ఈ రోజు వాటి జోలికి వెళ్లను. బండి మన ఇంటి ముందు నుంచి కదిలిన క్షణం మొదలు పరాయి దేశపు రేవు గేటు దాటి రోడ్డు ఎక్కేదాకా ఏం జరుగుతుందో, అది మాత్రమే చెబుతాను. ఎందుకంటే ప్రయాణాలు అడవుల్లో ఆగిపోవడం నేను పెద్దగా చూడలేదు, రేవుల్లో ఆగిపోవడం చాలా చూశాను.

అసలు సముద్రం మీద పంపడం ఎందుకు? ఇందాక బయట ఒక తమ్ముడు అడిగాడు, "రోడ్డు మీదే వెళ్లిపోకూడదా, మాస్టారూ?" అని. న్యాయమైన ప్రశ్న. మన దేశపు పటం చూడండి. పడమటి వైపు పాకిస్తాన్‌తో ఉన్న అటారీ సరిహద్దును 2025 ఏప్రిల్‌లో మూసేశారు. తూర్పున మణిపుర్‌లోని మోరే దాటితే మయన్మార్‌లోని తము వస్తుంది, ఆ దారిలో థాయ్‌లాండ్ దాకా మనవాళ్లు ఒకప్పుడు బండ్లు నడిపారు. 2021 ఫిబ్రవరిలో అక్కడి సైన్యం అధికారం చేజిక్కించుకున్న తరువాత ఆ దారిని నమ్ముకుని బయలుదేరే పరిస్థితి లేదు. ఇక మిగిలింది నేపాల్ మీదుగా టిబెట్. ఆ దారి ఉంది గాని, చైనాలో సొంత బండి నడపాలంటే వాళ్ల అనుమతి, వాళ్ల గైడు, వాళ్లిచ్చే తాత్కాలిక నంబరు తప్పనిసరి, ఆ ఖర్చు అందరూ భరించగలిగేది కాదు. ఉత్తరాన హిమాలయం, మిగతా మూడు వైపులా నీళ్లు. కాబట్టి రోడ్డు ప్రయాణం చేయాలనుకున్న మన దేశంవాడు ముందుగా ఓడను ఆశ్రయించాలి.

మన ఊరివాళ్లకు ఓడ కొత్తేమీ కాదు. సాయంత్రం ఆర్కే బీచిలో కూర్చుంటే, రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడల దీపాలు వరుసగా కనిపిస్తాయి. 1933లో ఈ రేవు మొదలైంది, 2003లో డాల్ఫిన్స్ నోస్ కొండ ఇవతల కంటైనర్ టెర్మినల్ వచ్చింది. ఓడలను చూస్తూ పెరిగాం. మరి ఓడ ఎక్కే సరుకు వెంట నడిచే కాగితాలను చేత్తో పట్టుకుని చదివినవారు మీలో ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. నలుగురు... అయిదుగురు. సరే. మిగతా అందరికోసం కాగితం దగ్గరే మొదలుపెడతాను. బండి కంటే ముందు కాగితం ఓడ ఎక్కాలి. ఈ మాట ఈ మధ్యాహ్నం మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి.

అన్నిటికంటే ముఖ్యమైన పుస్తకం ఒకటుంది, దాన్ని కార్నెట్ అంటారు. పూర్తి పేరు కార్నె ద పాసాజ్ ఆన్ దువాన్, ఫ్రెంచి మాట. మనిషికి పాస్‌పోర్టు ఎలాగో బండికి ఇది అలాగ. 1954లో న్యూయార్క్‌లో కుదిరిన ఒక అంతర్జాతీయ ఒప్పందం నుంచి దీని బలం వచ్చింది. ఒక దేశంలోకి బండి తీసుకువెళితే ఆ దేశం మనల్ని దిగుమతిదారుగానే చూస్తుంది, సుంకం కట్టమంటుంది. "అమ్మడానికి తేలేదు, తిరిగి తీసుకుపోతాను" అని మనం నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? ఆ మాటకు పూచీకత్తు ఈ పుస్తకం. మన దేశంలో దీన్ని ముంబయిలోని వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండి విలువను బట్టి, వెళ్లబోయే దేశాలను బట్టి వాళ్లు లెక్కకట్టిన మొత్తానికి మనం బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. గడువు ఒక ఏడాది. ఇంకొక మాట, ఏటీఏ కార్నెట్ అని ఇంకొకటుంది, అది ప్రదర్శనలకు తీసుకువెళ్లే సామాను వంటి వాటికి వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చేది. రెండింటి పేరూ ఒకటే కావడం వల్ల పొరబడి నెల రోజులు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఈ పుస్తకంలో ఒక పేజీ ఎలా ఉంటుందో చెబుతాను, మనసులో బొమ్మ కట్టుకోండి. పేజీ అడ్డంగా మూడు ముక్కలు. అడుగు ముక్కను దేశంలోకి అడుగుపెట్టినప్పుడు కస్టమ్స్ అధికారి చించి ఉంచుకుంటాడు. నడిమి ముక్కను దేశం విడిచేటప్పుడు చించుకుంటాడు. పై ముక్క పుస్తకంలోనే ఉండిపోతుంది, దాని మీద ప్రవేశానికి ఒక ముద్ర, నిష్క్రమణకు ఒక ముద్ర పడాలి. రెండు ముద్రలూ పడితేనే ఆ దేశంతో మన లెక్క తీరినట్టు. రెండో ముద్ర పడకపోతే? బండి ఆ దేశంలోనే ఉండిపోయిందని వాళ్లు అనుకుంటారు, సుంకం కట్టమని అడుగుతారు, మన బ్యాంకు గ్యారంటీ మీదికి వస్తారు. కెన్యా నుంచి టాంజానియాలోకి వెళ్లే నమంగా అనే చోట రెండు దేశాల అధికారులూ ఒకే భవనంలో కూర్చుంటారు. పని తొందరగా అవుతుంది, మంచిదే. కానీ ఒకే చోట కావడం వల్ల, ప్రవేశ ముద్ర పడగానే పని పూర్తయిందన్న భ్రమ కలుగుతుంది. మేమూ అలాగే బయటికి వచ్చేశాం. మా బావమరిది జీపు ఎక్కబోతూ పుస్తకం తెరిచి చూసి, "బావా, కెన్యావాళ్ల రెండో ముద్ర ఏదీ?" అన్నాడు. వెనక్కి వెళ్లి పది నిమిషాల్లో వేయించుకున్నాం. రెండు వందల కిలోమీటర్లు వెళ్లాక చూసుకుని ఉంటే ఆ పది నిమిషాలు రెండు రోజులయ్యేవి.

అన్ని దేశాలకూ కార్నెట్ అక్కర్లేదు. ఐరోపా సమాఖ్య దేశాల్లో మన బండిని ఆరు నెలల దాకా అది లేకుండానే తిప్పవచ్చు. ఇరాన్, ఈజిప్టు, ఆస్ట్రేలియా, కెన్యా వంటి చోట్ల అది చేతిలో ఉండాలి. ఇక ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, అది కూడా ఏడాదికే. మన మోటారు ఇన్సూరెన్సు దేశం దాటితే చెల్లదు, ఎక్కడికక్కడ తీసుకోవాలి. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో చాలా దేశాలకు కలిపి ఎల్లో కార్డ్ అని ఒకటి, ఐరోపాలో గ్రీన్ కార్డ్ అని ఒకటి ఉన్నాయి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ ఇచ్చినవాళ్ల నుంచి నిరభ్యంతర పత్రం ముందే రాయించుకోండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న చోటికి వచ్చాను. ఛాసిస్ నంబరు.

ప్రతి బండికీ పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఒకటి ఇనుము మీద కొట్టి ఉంటుంది. ఆర్సీలో అదే, కార్నెట్‌లో అదే, ఎగుమతికి కస్టమ్స్‌వారికి ఇచ్చే షిప్పింగ్ బిల్లులో అదే, సరుకు అందినట్టు ఓడ కంపెనీ రసీదుగా ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్‌లో అదే, సముద్రపు ఇన్సూరెన్సులో అదే. ఇన్ని కాగితాలను ఒక్క బండికి ముడివేసేది ఆ పదిహేడే. మరి మీలో ఎంతమంది మీ బండి నంబరును ఆర్సీలో కాకుండా ఇనుము మీద చూశారు? ఆర్టీవో ఆఫీసు బయట కూర్చునే కుర్రవాళ్లు ఎలా చేస్తారో గమనించే ఉంటారు. నంబరు కొట్టిన చోటును పాత గుడ్డతో తుడిచి, గ్రీజు పోయేదాకా రుద్ది, పల్చటి కాగితం పరిచి, పెన్సిలును పక్కకు వాల్చి మెల్లగా గీస్తారు. నల్లటి గీతల మధ్య నంబరు తెల్లగా పైకి తేలుతుంది. ఆ ప్రింటును మీరే, మీ చేతులతో తీయండి. ఒకటి కాదు, ఆరు తీసి పెట్టుకోండి. టైపు చేసినవాడు తప్పు చేయవచ్చు, పెన్సిలు తప్పు చేయదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇది నాకే జరిగింది. నేను పని అప్పగించిన ఏజెంటు నుంచి బిల్ ఆఫ్ లేడింగ్ చిత్తుప్రతి ఒక రాత్రి ఫోనుకు వచ్చింది. ఇంట్లో మనవరాలి పుట్టినరోజు, చుట్టాలున్నారు. పేరు చూశాను, పాస్‌పోర్టు నంబరు చూశాను, ఛాసిస్ నంబరు మీద కన్ను అలా పరుగెత్తించి "సరే" అని జవాబు పెట్టేశాను. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ని. మొంబాసాలో అధికారి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఒకచోట వేలు పెట్టి చూపించాడు. సున్నా ఉండవలసిన చోట ఓ అనే ఇంగ్లీషు అక్షరం. చూడ్డానికి రెండూ ఒకటే, కంప్యూటరుకు మాత్రం రెండూ వేరు. ఆ అధికారిది తప్పు కాదు, తన పని తాను చేశాడు. సవరించిన పత్రం ఇక్కడి నుంచి అక్కడికి చేరేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పెట్టె రేవులోనే ఉంది, దాని అద్దె పెరుగుతూనే ఉంది.

ఆ తరువాత తెలుసుకున్న విషయం మీకు ఉపయోగపడుతుంది. ఈ పదిహేడు స్థానాల నంబరులో ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు వాడకూడదని అంతర్జాతీయ ప్రమాణంలోనే ఉంది, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. అంటే మీ కాగితాల్లో ఎక్కడైనా ఛాసిస్ నంబరులో ఓ కనిపించిందంటే ఇంక ఆలోచించనక్కర్లేదు, అది తప్పే. కానీ ఎస్‌కూ అయిదుకూ, బీకీ ఎనిమిదికీ ఆ రక్షణ లేదు. అక్కడ పెన్సిలు ప్రింటే దిక్కు.

పెట్టెలోకి బండి

ఇక బండిని ఎలా పంపాలి? రెండు పద్ధతులు. రోరో అంటే బండిని నడిపించి ఓడలోకి ఎక్కించి, అక్కడ నడిపించి దింపడం. ఫ్యాక్టరీల నుంచి వేలకొద్దీ కొత్త కార్లు అలాగే వెళతాయి, చెన్నై, ఎన్నూరు రేవుల నుంచి. మన ఊరి నుంచి అక్కడికి హైవే మీద ఎనిమిది వందల కిలోమీటర్లు. రోరోలో తాళం చెవి ఇచ్చేయాలి, లోపల సొంత సామాను ఉంచడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఇంటిని వెంట పెట్టుకుని వెళ్లే ప్రయాణికుడికి అది కుదరదు. ఎత్తు వల్ల పెట్టెలో పట్టని పెద్ద వ్యానులకు మాత్రం అదే గతి. నేను పెట్టెనే ఎంచుకున్నాను.

ఇరవై అడుగుల పెట్టె లోపల సుమారు 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు ఉంటుంది. తలుపు ఎత్తు 2.28 మీటర్లు. ఈ తలుపు ఎత్తు గుర్తుపెట్టుకోండి, లోపలి ఎత్తు కాదు, తలుపు ఎత్తు. పైకప్పు మీద టెంటు బిగించుకున్నవాళ్లు ఇంటి దగ్గరే కొలిచి రండి. బండి 1.85 మీటర్ల వెడల్పు ఉంటే పక్కన మిగిలేది అర మీటరే. నట్టనడుమ నడిపి ఆపితే రెండు వైపులా జానెడు చొప్పున మిగులుతుంది, తలుపు తీసుకుని మనిషి బయటికి రాలేడు. మన బండ్లకు స్టీరింగు కుడివైపు కాబట్టి ఎడమ గోడకు ఆనించినట్టుగా నడిపి, మిగిలిన సందంతా కుడివైపు ఉంచుకోవాలి. నా జీపును లోపలికి ఎక్కించిన కళాసీ ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఎడమ అద్దం మడిచి, అటు గోడకు బెత్తెడు దూరంలో ఆపి, కుడి తలుపు సగమే తీసి ఒళ్లు పక్కకు తిప్పుకుని జారుకుంటూ బయటికి వచ్చాడు. రోజూ చేసే పని కాబట్టే అంత తేలిగ్గా చేశాడు. ఆయన చేతులకు నేను నమస్కారం పెట్టాను.

తరువాత కట్టడం, దాన్నే లాషింగ్ అంటారు. ఓడ పక్కలకు ఊగుతుంది, ముందుకూ వెనక్కూ తల ఊపుతుంది, పైకి లేచి కిందికి పడుతుంది, అదీ రోజుల తరబడి. బండి శరీరానికి బెల్టు కడితే స్ప్రింగుల మీద బండి ఊగినప్పుడల్లా బెల్టు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది, నాలుగో రోజుకు సడలిపోతుంది. అందుకే బెల్టును చక్రాల చుట్టూ తిప్పి నేలలోని కొక్కేలకు కట్టాలి. చక్రాల ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి మేకులు దిగ్గొట్టాలి. ఆ చెక్క కూడా ఏదో ఒక చెక్క కాకూడదు. చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి అరగంట తగిలేలా కాచి, గోధుమ కంకి గుర్తున్న ముద్ర వేసినదై ఉండాలి. చెక్కలోని పురుగు దేశం దాటకుండా పెట్టిన నియమం అది. మోటారు సైకిలును చెక్క పెట్టెలో పంపేవారికి ఇది మరీ ముఖ్యం. ముద్ర లేని చెక్క వల్ల బండి అక్కడ దిగకుండానే వెనక్కి రావచ్చు.

ట్యాంకులో ఇంధనం పావుకు మించకూడదు. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, దాని కొసకు టేపు చుట్టాలి. వంట గ్యాసు సిలిండరు లోపల ఉండకూడదు. ఇవి ఎవరి మేలు కోసమో పెట్టిన నియమాలని అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ సుమారు నాలుగు వేల కార్లతో అట్లాంటిక్‌లో వెళుతూ మంటల్లో చిక్కుకుంది, రెండు వారాలకు అజోర్స్ దీవుల దగ్గర మునిగిపోయింది. నడి సముద్రంలో ఫైరింజను రాదు. పెట్టె మొత్తం తూకం కూడా ముందే వేసి ఇవ్వాలి, 2016 జులై 1 నుంచి తూకం చీటీ లేని పెట్టెను ఓడ ఎక్కించుకోరు.

ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే అమ్మాయి ఇక్కడే ఉంది, ముందు వరుసలో. అమ్మా, నీకు ఒక మాట. ఈ వారం మీరంతా భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లి వచ్చారన్నావు కదా. ఆ ఎర్రమట్టి నీ బండి మడ్‌గార్డుల మడతల్లో, ఛాసిస్ సందుల్లో, రేడియేటరు ముందు పేరుకుపోయి ఉంటుంది. ఆస్ట్రేలియా అధికారులు బండి కిందికి దూరి, లైటు వేసి ఆ మట్టి కోసమే చూస్తారు. ఒక గడ్డి గింజ దొరికినా మళ్లీ కడిగించమంటారు, ఖర్చు నీది. కాబట్టి చక్రాలు ఊడదీసి, సీట్లు పైకెత్తి, ఇక్కడే కడిగించు. ఒకసారి కాదు, రెండుసార్లు.

అన్నీ అయ్యాక తలుపులు మూసి సీలు వేస్తారు. ఆ సీలు నంబరు ఫోటో తీసుకోండి, కాగితం మీద కూడా రాసుకోండి. అవతలి రేవులో తలుపు తీసే ముందు మీరు అడగవలసిన మొదటి మాట అదే, "సీలు నంబరు చూపించండి" అని.

నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ

విశాఖలో ఎక్కిన పెట్టె చాలాసార్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో పోర్ట్ క్లాంగ్‌లోనో దిగి, ఇంకో పెద్ద ఓడ కోసం కాచుకుని ఉంటుంది. అందుచేత కంపెనీ చెప్పిన తేదీని ముహూర్తం లాగా పట్టుకుని విమానం టికెట్టు కొనకండి. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఐరోపా వెళ్లే ఓడలు చాలావరకు ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది, రోజులు వారాలయ్యాయి. మన బంగాళాఖాతం సంగతి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో బయలుదేరేవారు అదనంగా పది రోజులు చేతిలో ఉంచుకోండి. అవతలి రేవులో పెట్టె దిగాక కొన్ని రోజులే ఉచితం. ఆ తరువాత రేవులో ఉన్నందుకు ఒక అద్దె, పెట్టెను ఖాళీ చేసి తిరిగి ఇవ్వనందుకు ఇంకొక అద్దె. ఓడ కిరాయి చూసి చవక అనుకునేవారు ఈ రెండు చివరల ఖర్చులను కలిపి చూడరు. ధర అడిగేటప్పుడు "గేటు నుంచి గేటు దాకా ఎంత?" అని అడగండి.

ఇన్సూరెన్సు గురించి ఒకే ఒక్క విషయం చెబుతాను, కానీ వివరంగా చెబుతాను. జనరల్ యావరేజ్ అనే మాట ఎవరైనా విన్నారా? లేదా? ఓడకు ఆపద వస్తే, అందరి సరుకునూ కాపాడటం కోసం కావాలని కొంత నష్టపోవలసి వస్తే, ఆ నష్టాన్ని ఓడ యజమానీ సరుకుల యజమానులందరూ వాటాలు వేసుకుని భరించాలి. తుపానులో ఓడ తేలిక చేయడానికి కొందరి సరుకు సముద్రంలో పారేస్తే, మిగిలినవారు వారికి పరిహారం ఇవ్వాలన్న రోమన్ల కాలం నాటి ధర్మం ఇది, నేటికీ అమల్లో ఉంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే నాలుగు వందల మీటర్ల ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుంది, ఆరు రోజులు. టీవీలో అందరం చూశాం. మనం చూడనిది ఆ తరువాత జరిగింది, ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. అంటే ఆ ఓడలో ఒక్క పెట్టె ఉన్న చిన్న వ్యాపారి కూడా, తన సరుకు చెక్కుచెదరకపోయినా, పూచీకత్తు ఇచ్చాకే దాన్ని తీసుకోవాలి. ఇన్సూరెన్సు ఉంటే ఆ పూచీ కంపెనీ ఇస్తుంది. లేకపోతే? మీరే డబ్బు కట్టాలి, లేదా మీ బండి రేవులోనే ఉంటుంది. కాబట్టి "నా పాత జీపుకు ఇన్సూరెన్సు దేనికి" అనవద్దు. మన బండికి ఏమవుతుందన్నది ఒక్కటే కాదు, ఆ ఓడకు ఏమైనా మనం వాటాదారులమే.

తిరిగి రావడం గురించి కూడా అడిగారు. డర్బన్‌లో మళ్లీ ఇదంతా మొదటి నుంచి చేశాం, కాగితం, పెట్టె, బెల్టులు, సీలు. మన దేశానికి వచ్చాక కూడా కస్టమ్స్‌వారికి చూపించవలసింది ఒక్కటే: వెళ్లిన బండే తిరిగి వచ్చిందని. ఆ రోజు పెట్టె తెరిచాక అధికారి ఆర్సీ పక్కన పెట్టి, "ఛాసిస్ ప్రింటు ఉందా?" అని అడిగారు. బయలుదేరే ముందు తీసిన ఆరింటిలో ఒకటి మిగిలి ఉంది, ఇచ్చాను. ఆయన నా చేతికే పెన్సిలు ఇచ్చి కొత్తది తీయమన్నారు. అయిదు దేశాల దుమ్ము గుడ్డతో తుడిచి, కాగితం పరిచి గీశాను. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు, సున్నా మీద సున్నా కూర్చుంది. ముద్ర వేశారు. ఆ పుస్తకాన్ని ముంబయికి తిరిగి పంపాక బ్యాంకు గ్యారంటీ విడుదలైంది.

కార్నెట్ పేజీల జిరాక్సులు, ఆ రెండు ప్రింట్లు, బిల్ ఆఫ్ లేడింగ్ తప్పు ప్రతి, సవరించిన ప్రతి అన్నీ ఆ బల్ల మీద పెట్టాను. దగ్గరికి వచ్చి చేతిలోకి తీసుకుని చూడండి. తప్పు ప్రతిలో ఓ ఎక్కడుందో నేను చెప్పను, మీరే వెతకండి. ప్రశ్నలున్నవారు అక్కడే అడగండి, చీకటి పడేదాకా ఉంటాను.